పద్దెనిమిది అడుగుల నీళ్లు

నిమ్‌పురా రైల్వే యార్డు వెనకున్న పంపు చెరువును నేను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఈదాను. ఒకసారి కాదు, పందెం కట్టి మూడుసార్లు. మూడోసారి మునిగి అడుగుదాకా వెళితే అక్కడ పాత ఇంజను పొగగొట్టం ఒకటి నిలబడి కనిపించింది. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా వరస క్వార్టర్లలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. తెలియకుండా ఎలా ఉంటుంది, అందరికీ చెప్పింది నేనే.

నాకు ఈత రాదు. ఆ మాట ఇక్కడే ఒప్పేసుకుంటే నయం. తర్వాత ఒప్పుకోవలసింది ఇంతకంటే పెద్దది ఉంది, దానికోసం కాస్త ధైర్యం దాచుకోవాలి.

మా ఆవిడ నేనేం చెప్పినా అందులో మూడో వంతు ఉంచుకుని తక్కినది వదిలేస్తుంది. పెళ్లయిన కొత్తలో ఈ అలవాటు లేదు. పెద్దాఫీసరు నన్ను జీపులో ఇంటిదాకా దింపాడని చెబితే నమ్మి, పక్కింట్లో చెప్పి, నవ్వులపాలైంది. అప్పటి నుంచి ఈ లెక్క మొదలుపెట్టింది. ఇరుగుపొరుగులు కూడా ఎవరి లెక్క వాళ్లు వేసుకుంటారు. అందువల్ల ఇన్నేళ్లూ నా మాటతో ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. ఈ లెక్క తెలియని ఒక పిల్ల వచ్చి, నా మాటను పూర్తిగా తీసుకుని కాగితం మీద పెట్టింది. అప్పుడు జరిగింది.

ముందు చెరువు సంగతి చెప్పాలి. బొగ్గింజన్లకు నీళ్లు తోడడానికి మా తాతల కాలంలో తవ్విన చెరువు అది. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఖలాసీగా వచ్చి ఖరగ్‌పూర్‌లోనే ఉండిపోయాడు. నేను పంపుహౌసులో చేరాను. చెరువు గట్టున పంపుహౌసు, దాని పక్కనే ఒక రాతి బావి. చెరువు నీళ్లు తూములోంచి ఆ బావిలోకి దిగేవి. పంపు తోడేది బావిలోంచే. బావి లోపలి గోడకు అడుగు నుంచి పైదాకా మూడేసి అడుగుల ఇనుప పలకలు ఒకదాని మీద ఒకటి బిగించి ఉండేవి. తెల్ల ఎనామిల్ మీద నల్లగా అడుగుల గుర్తులు. డ్యూటీ ఎక్కగానే వంగి ఆ పలకలు చూసి, నీళ్లు ఎన్ని అడుగులున్నాయో పుస్తకంలో రాసి, ఫోనులో చెప్పడం నా పని. వానాకాలంలో పద్దెనిమిది. ఎండలు ముదిరితే పద్నాలుగు. పదమూడుకు దిగిందంటే చెరువు ఎండినట్టే, ఆపైన బావిలో మిగిలిందే గతి.

అంటే పలకల మీద సున్నా ఉన్నది బావి అడుగున. చెరువు అడుగున కాదు. బావిలో పద్దెనిమిది అడుగులుంటే చెరువు నడిమధ్యన ఐదడుగులు, అంచుల్లో మోకాలిలోతు. పంపు మీద చేసిన ప్రతివాడికీ ఇది తెలుసు. అయినా ఒకరితో ఒకరం అనుకునేటప్పుడు "సెరువు పద్దెనిమిదున్నాది" అనే అనేవాళ్లం. అలా అంటే నోటినిండుగా ఉండేది.

లోతు లేని చెరువు కాబట్టి చుట్టూ జమ్ము, తుంగ. తూర్పు వైపు మనిషెత్తు జమ్ములో నీలం రంగు జంబుకోళ్లు తిరిగేవి. బెంగాలీలు సరాలి అని పిలిచే ఈల బాతులు చలికాలంలో దిగితే నీళ్లు కనపడేవి కావు. ఈ ముక్కకు మూడో వంతు లెక్క అక్కర్లేదు, సగం తీసుకోండి చాలు. గట్టు అవతల గడ్డి బీడు, బీడు చివర వరసగా సాల చెట్లు. ఆ గడ్డిలో తీతువు పిట్టలు నేలమీదే గుడ్లు పెట్టేవి. ఇదంతా నేను మురిసిపోతూ చూసేవాణ్ణని రాయాలని ఉంది. చూడలేదు. జమ్ము ఆకులు తూము జల్లెడకు అడ్డంపడితే పంపు గాలి మింగేది. గట్టున బోర్లా పడుకుని భుజందాకా చెయ్యి పెట్టి ఆ చెత్త నేనే లాగాలి. "ఈ జమ్ము తగలెయ్య" అని రోజుకు పదిసార్లు తిట్టినవాణ్ణి నేను.

బొగ్గింజన్లు పోయాయి, పంపుహౌసు మూసేశారు, నన్ను వర్క్‌షాపుకు మార్చారు. మూసేసిన రోజున అన్నిటికంటే పైనున్న పలక ఊడదీసి ఇంటికి తెచ్చుకున్నాను. సర్కారు సొమ్ము. అదీ ఒప్పుకుంటున్నాను. ఆ తర్వాత చెరువును పట్టించుకున్నవాళ్లు లేరు. ఒక మూల ఊరి చెత్త చేరింది, ఇంకో మూల ఊదాపూల గుర్రపుడెక్క పరుచుకుంది. అయినా పిట్టలు వస్తూనే ఉన్నాయి.

పోయిన ఏడు ఆ చెరువును బాగుచేస్తామని ఒక కమిటీ ఏర్పడింది. మంచి పనే. చెరువును పూర్వం ఉన్నట్టుగా చేయాలన్నది వాళ్ల ఆలోచన. పూర్వం ఎట్లా ఉండేదో కనుక్కునే పని ఇక్కడి పెద్ద ఇంజినీరింగు చదువుల చోట పరిశోధన చేస్తున్న ఒక తెలుగు పిల్లకు అప్పగించారు. కరీంనగర్ వైపు పిల్ల. పాత పటాలు దొరకలేదట. పంపుహౌసులో పనిచేసినవాళ్లలో బతికున్నది ఎవరని అడుగుతూ అడుగుతూ మా ఇంటికి సైకిలు మీద వచ్చింది.

"తాతా, పంపుహౌసుల మీరు ఎన్నేండ్లు చేసిన్రు?"

"ఇరవై" అన్నాను. పదకొండు.

"అప్పుడు చెరువు ఎంత లోతుండె?"

ఇక్కడ కాస్త నా వైపు నుంచి కూడా చూడాలి. రైల్వే ఊళ్లో కథలన్నీ ఇంజను డ్రైవర్లవి. రిటైరైన డ్రైవరు టీకొట్టు దగ్గర కూచుంటే చుట్టూ పదిమంది చేరతారు. పంపు మీద పనిచేసినవాణ్ణి ఎవరడుగుతారు? ఇన్నేళ్లలో నా పని గురించి నన్ను అడిగినది ఈ పిల్ల ఒక్కతే. అడిగి, పెన్ను పట్టుకుని, నా మొహంలోకి చూస్తూ కూచుంది.

"పద్దెనిమిది అడుగులు" అన్నాను. "ఏటనుకున్నావు బొట్టీ! ఏనుగు దిగితే తొండం ఒక్కటే పైకి కనపడీది."

"ఏనుగా? మీరు చూసిన్రా?"

"సూడకండా సెప్తానేటి?"

పిల్ల నవ్వింది. నమ్మలేదని నాకు పౌరుషం వచ్చింది. పెరట్లోకి వెళ్లి పలక తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాను. పద్దెనిమిది గుర్తు దగ్గర ఏళ్ల తరబడి నీళ్లు నిలిచిన తుప్పు చార అడ్డంగా ఉంది. ఆ పిల్ల మొహం మారిపోయింది. ఆ చారను వేలితో తడిమి, నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసింది. బావి మాట చెప్పడానికి అప్పటికింకా సమయం ఉంది. చెప్పలేదు.

"మరి జమ్ము ఉండెనా తాతా?"

"జమ్మేటి జమ్ము! అద్దంలాగ ఉండీవి నీళ్లు. అదంతా మేం ఎల్లిపోయినాక పట్టిన దరిద్రం."

అంతా రాసుకుంది. కింద నేను ఇంగ్లీషులో సంతకం పెట్టాను.

అచ్చయిన నివేదికలో నా పలక ఫోటో ఒక పేజీ నిండా వచ్చింది. అది పట్టుకుని మా వరసంతా తిరిగాను. మా ఆవిడ అద్దాలు పెట్టుకుని ఫోటో చూసి ఒకే మాట అంది: "పద్దెనిమిదిలో మూడో వంతు ఆరడుగులు. ఆ పిల్లకి సెప్పినావా?"

హోలీ వెళ్లాక తవ్వే మిషను వచ్చింది. నా చెరువు నా మాట ప్రకారం తయారవుతోందని, గొడుగు వేసుకుని చూడ్డానికి వెళ్లాను. పడమటి సగానికి మట్టి అడ్డకట్ట వేసి నీళ్లు తోడేశారు, అక్కడ అప్పటికే ఇద్దరు మనుషుల లోతున గొయ్యి. బురద ఎప్పుడో అయిపోయింది, ఎర్రటి మొరం గోడల్లాగా కోసి ఉంది. తవ్విన మొరం టిప్పర్లలో రోడ్డు పనులకు పోతోంది, పైన తీసిన బురదను గడ్డి బీడు మీద కుప్పలు పోశారు. ఆ కుప్పల మీద తీతువులు అరుస్తూ గుండ్రంగా తిరుగుతున్నాయి. వాటి గుడ్లు ఎక్కడున్నాయో వాటికి తెలుసు. నాకూ తెలిసింది.

తూర్పు వైపు నీళ్లలో ఒక ఆడమనిషి తట్ట పట్టుకుని నిలబడి గట్టుమీదున్న ఇంజినీరును బెంగాలీలో తిడుతోంది. మా వరస క్వార్టర్ల వెనక ఉంటుంది, కూరావిడ అంటాం. భర్త ఖలాసీగా ఉండగానే పోయాడు. ఈ చెరువులో తూటికూర కోసి, నత్తగుల్లలు ఏరి, గోల్ బజారులో అమ్మి పిల్లల్ని పెంచింది. అరవై దాటినా ఇప్పటికీ అదే పని. నన్ను అన్నియ్యా అంటుంది. నన్ను చూడగానే తెలుగులోకి మారింది.

"సూడన్నియ్యా! ఇది సెరువు బాగుసెయ్యడమేటి? మొన్న ఆ పక్కన కూరంతా పోయినాది. రేపు ఈ జమ్మూ పోతాదంట. కూర ఏడ మొలస్తాది, గుల్ల ఏడ పెరుగుతాది?"

ఇంజినీరు బెంగాలీ కుర్రాడు, మంచివాడే. నా వైపు చెయ్యి చూపించి ఆమెతో అన్నాడు: "దీదీ, నన్నెందుకు తిడతారు? ఈ చెరువు పద్దెనిమిది అడుగులుండేదని చెప్పింది ఈ దాదూయే."

ఆమె నన్ను పైనుంచి కిందకు చూసింది.

"నివ్వా సెప్పినావు? నా సిన్నప్పుడు మా అమ్మతోటి ఈ గట్టునించి ఆ గట్టుకి నడిసినాను. నెత్తిమీద తట్టలో కూర తడవలేదు. ఇప్పుడు సెప్పన్నియ్యా ఈ బాబుకి. నోరిప్పు."

నేను గొడుగు పిడి వైపు చూసుకున్నాను. "అదేటంటే... అప్పట్లో... ఆ పక్క కాస్త..." అని నసిగి, మోకాళ్లు నొప్పులని చెప్పి వెనక్కి తిరిగాను. ఆమె గొంతు యార్డు పట్టాల దాకా వెంటాడింది: "పద్దెనిమిదడుగులుంటే నానెప్పుడో సచ్చిపోదును కాదేటి!"

మర్నాడే వెళ్లి నిజం చెప్పేశానని మీతో అనాలని ఉంది. రెండు రోజులు ఆగాను. ఆ రెండు రోజులూ మిషను పనిచేసింది. ఇంట్లో కూచుంటే ఆ చప్పుడు వినిపించేంత దగ్గర కాదు మా క్వార్టరు, అయినా నాకు వినిపిస్తూనే ఉంది. సంతకం పెట్టిన మనిషి నోటితో అది అబద్ధమని ఎలా అంటాడు? టీకొట్టు దగ్గరి డ్రైవర్ల మొహాలు తలచుకున్నాను. మా ఆవిడ అన్నం పెడుతూ "ఆ పిల్లకి సెప్పినావా" అని రోజూ అడిగింది. మూడోనాడు రిక్షా ఎక్కి ఆ పిల్ల చదువుకునే చోటి గేటు దగ్గరకు వెళ్లి కబురు పెట్టాను.

చెట్టు కింద నిలబెట్టి చెప్పాను. ఆమె ముందు అర్థం చేసుకోలేదు, తర్వాత మరీ బాగా అర్థం చేసుకుంది.

"ఆ పలక బావిలదా? తాతా, బావిలదా అది?"

"బావిలోదే."

"జమ్ము?"

"ఉండీది. ఇప్పటికన్నా దండిగా."

ఆమె అడక్కుండానే "ఏనుగు కూడా లేదు" అన్నాను.

"ఏనుగు లేదని నాకు అప్పుడే ఎర్కాయె! గది నేను రాయనే లేదు. పలకను చూసి రాసిన. ఇనుము అబద్ధం చెప్తదా అనుకున్న." కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపంతోనే. "నా పేరు మీద తవ్వుతున్నరు తాతా. నా పేరు మీద."

ఆమె సైకిలు తాళం తీస్తూ, నాతో కాదన్నట్టుగా అంది: "నాది గూడ తప్పే. పంపు కాడ చేసినోళ్లను అడిగిన గని, రోజూ నీళ్లల్ల దిగేటోళ్లను ఒక్క మాట అడగలె."

ఇద్దరం చెరువు గట్టు మీదికి, ఇంజినీరు దగ్గరకు వెళ్లాం. అతను నా మాట నమ్మలేదు.

"దాదూ, అప్పుడు సంతకం పెట్టి పద్దెనిమిది అన్నారు. ఇప్పుడు ఐదు అంటున్నారు. వచ్చేవారం వస్తే ఎంత అంటారు?"

జీవితంలో మొదటిసారి ఏమీ పెంచకుండా చెప్పిన మాట అది. అది కూడా చెల్లలేదు. పడమటి అంచున మొరం తగిలినా నడిమధ్యలో ఇన్నేళ్ల బురద పేరుకుందనీ, ఆ బురద కిందే నేను మొదట చెప్పిన లోతు ఉందనీ అతని వాదన. అప్పుడు ఆ పిల్ల ఒక దారి చెప్పింది. నడిమధ్యలో ఇనుప ఊచ గుచ్చి చూద్దాం. బురద లోతుగా ఉంటే ఊచ దిగిపోతుంది. ఎన్నడూ తవ్వని గట్టి మొరం నేల దగ్గర్లోనే తగిలితే చెరువు ఎప్పుడూ లోతు లేనట్టే.

దిగేదెవరు? మిషను మనుషులు పాములని వెనక్కి తగ్గారు. గట్టున నిలబడి అంతా వింటున్న కూరావిడ అప్పటికే చీర ఎగ్గట్టుకుంది.

"నానెల్తాను. అన్నియ్య కూడా రావాల. మూడుసార్లు ఈదినోడు కదా, దారి ఎరుకే."

అందరూ నావైపు చూశారు. చెప్పులు విప్పి, లుంగీ ఎగ్గట్టి దిగాను. పదకొండేళ్లు ఆ గట్టు మీద ఉద్యోగం చేశాను. జల్లెడ కోసం చెయ్యి పెట్టడం తప్ప ఆ నీళ్లలో అడుగు పెట్టింది ఆ రోజే.

కాలు బురదలో దిగబడగానే వెనక్కి లాక్కోబోయాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"మెత్తగుంటాది, బెదిరిపోకు. కాలేళ్లు నొక్కి పెట్టు."

"పాములుంటాయంటన్నారు."

"నిన్ను సూస్తే అవే పోతాయి. నడు."

జమ్ము పక్క నుంచి నడిపించింది. ఎక్కడ అడుగు వేయాలో చూసుకోకుండానే ఆమె కాళ్లకు తెలుసు. ఇక్కడ గుల్లలు, ఇక్కడ తామర దుంప, ఇక్కడ జంబుకోడి గూడు పెడుతుంది కాబట్టి చుట్టూ తిరిగిపోవాలి అని చెబుతూ నడిచింది. నీళ్లు మోకాలు, నడుము, ఛాతీ దాకా వచ్చాయి. అంతే. నడిమధ్యలో నిలబడి ఊచ గుచ్చాను. మూరెడు బురద. కింద టక్కుమని గట్టిగా తగిలింది. మొరం. నాలుగడుగులు జరిగి మళ్లీ గుచ్చాను. మళ్లీ టక్కు. గట్టు మీద ఆ పిల్ల ఒక్కొక్కటీ రాసుకుంటోంది. పదిచోట్లా అంతే. గడగడా వణుకుతున్నాను. నీళ్లు చల్లగా ఉన్నాయని తర్వాత అందరికీ చెప్పాను. ఫాల్గుణం నీళ్లు ఏం చల్లగా ఉంటాయి.

ఇంజినీరు బావి వైపూ చెరువు వైపూ మార్చి మార్చి చూశాడు. "ఠీక్ హై. కానీ రాసివ్వాలి. మొదటిది ఎందుకు తప్పో కూడా రాయాలి."

కమిటీ వాళ్ల ముందు హిందీలో రాశాను. 'నా గొప్ప కోసం చెప్పాను' అన్న వాక్యం దగ్గర పెన్ను ఆగింది. పొరపాటున చెప్పాను అని రాస్తే సరిపోతుందని ఒకాయన జాలిపడి సలహా ఇచ్చాడు. ఆ పిల్ల గోడకు ఆనుకుని చూస్తోంది. గొప్ప కోసం అనే రాశాను. నా కాగితం కింద ఈసారి కూరావిడ చెప్పింది కూడా రాసుకుని వేలిముద్ర తీసుకున్నారు. ఆవిడ చెప్పింది నా దానికి రెండింతలుంది. ఏ నెలలో ఏ పిట్ట ఎక్కడ గూడు పెడుతుందో, ఎండాకాలం ఎక్కడ నీళ్లు నిలుస్తాయో, అన్నీ.

అడ్డకట్ట తీసేసి మిషను వెళ్లిపోయింది. తూర్పు సగం, జమ్ముతో సహా, మిగిలింది. పడమటి సగం మిగల్లేదు. పోయిన మొరం రోడ్ల కింద ఉంది, దాన్ని వెనక్కి తెచ్చేవాళ్లెవరు? ఆ పిల్ల నివేదిక మొత్తం మళ్లీ రాయవలసి వచ్చింది. ఆమె గురువుగారు ఏమన్నారో నాకు చెప్పలేదు. ఆ తర్వాత రెండుసార్లు వచ్చింది. టీ ఇచ్చాం, తాగింది. తాతా అనే పిలిచింది కానీ, నేనేదైనా చెబుతుంటే పెన్ను తీయడం మానేసింది.

వానలు పడ్డాయి. చెరువు నిండింది. గట్టు మీంచి చూస్తే అంతా ఒకటే నీరు, ఎక్కడ కాలందే నేల ఆగి ఎక్కడ గొయ్యి మొదలవుతుందో తెలియదు. కూరకు దిగిన ఇంకో ఆడమనిషి ఆషాఢంలో ఆ అంచు మీంచి జారిపోతే జుట్టు పట్టుకుని లాగారు. మర్నాడు పొద్దున్నే మా గుమ్మం ముందు కూరావిడ నాలుగు వెదురు బొంగులు పడేసింది. వాటి చివర ఎర్ర గుడ్డ పీలికలు కట్టి ఉన్నాయి.

"పద. ఆ అంచు పొడుగునా ఇవి పాతాల. పనయ్యేకొద్దీ ఇంకా తెస్తాను."

"నానేటి సెయ్యగలను అమ్మా, ఈ వయసులో?"

"నీ ఊచ అట్టుకుని రా. నా కాళ్లకి ఆ తవ్విన పక్క లోతు తెలవదన్నియ్యా. ఎప్పుడూ తెలవక్కరలేకపోయినాది."

వెళ్లాను. ఈసారి మణికట్టు పట్టుకోలేదు, ఆమె చేతుల నిండా బొంగులున్నాయి. సన్నగా వాన. నేను ఊచతో ముందు పొడుచుకుంటూ, గట్టి నేల అయిపోయి ఊచ శూన్యంలోకి జారిన చోట ఆగేవాణ్ణి.

"ఇక్కడ."

ఆమె ఆగి, బొంగు చంకలో పెట్టుకుని, నేను చూపించిన చోట తన కాలు ముందుకు చాచి మెల్లగా తడిమేది. నిజమేనని తెలిశాకనే బొంగు దింపేది. మధ్యాహ్నం దాకా పదిహేడుసార్లు 'ఇక్కడ' అన్నాను. పదిహేడుసార్లూ ఆమె కాలు పెట్టి చూసుకుంది.